లియాన్‌కు దారి ధర్మవరం మీదుగా

ధర్మవరానికి పట్టుచీర కొనడానికి వెళ్లినవాళ్లు చీరను చూస్తారు, ధర అడుగుతారు, మరీ ముచ్చటపడితే మగ్గం పక్కన నిలబడి ఫొటో దిగుతారు. తల పైకెత్తి మగ్గం నెత్తిన ఉన్న పెట్టెను చూసేవాళ్లు తక్కువ. చిల్లులు కొట్టిన అట్టలు వరసగా కుట్టి దానికి వేలాడదీసి ఉంటాయి. నేతగాడు కాలితో తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కేనికి కట్టిన పడుగు పోగులు లేస్తాయి, ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. అంచులో నెమలి, కొంగులో హంస అలా ఒక్కొక్క పోగుతో పుడతాయి. ఆ పెట్టె పేరు జాకార్డు. దాన్ని చేసిన జోసెఫ్ మరీ జాకార్డ్ 1752లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో, ఒక నేతగాడి ఇంట్లో పుట్టాడు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు ఇప్పుడు పరిశోధన చదువుల్లోకి వెళ్తున్నారు. పట్టు మీద, వ్యవసాయం మీద, చరిత్ర మీద, కంప్యూటర్ల మీద పేపర్లు రాస్తున్నారు. ఏదో ఒక రోజు పరాయి దేశం నుంచి మెయిల్ వస్తుంది: మీ పేపరు తీసుకున్నాం, వచ్చి చదవండి అని. ఇంట్లో ఒక పూట పండగ, ఆ తర్వాత ప్రయాణం దాకా బెంగ. ఊరు తెలియదు, భాష రాదు, డబ్బు చాలదు. నా మొదటి సదస్సు లియాన్‌లోనే. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోని చీరల అంచులకూ ధర్మవరం అంచులకూ ఉన్న చుట్టరికం మీద పేపరు. సంగతి చెప్పగానే మా అవ్వ అడిగిన మొదటి మాట, "ఆడ మనోళ్లు ఎవరన్నా ఉండారా?" మా నాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే జవాబు చెప్పాడు, "ఉండాడు గదమ్మా, ఈ పెట్టె చేసినోడు."

ముందు కాగితాలు

సదస్సుకు పోవడంలో భయపెట్టేది వేదిక అనుకుంటాం. అంతకంటే ముందు కాగితాలు భయపెడతాయి. ఫ్రాన్స్‌కు వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసాకు ఇప్పుడు రుసుము 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా ఉండాలి. నిర్వాహకుల ఆహ్వాన పత్రం, కాలేజీ ఇచ్చే సెలవు పత్రం, బ్యాంకు లెక్కలు, బస చేసే చోటి వివరాలు జతచేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. మనవాళ్లు ఆఖరి నెలలో పరుగెత్తుతారు, అప్పటికి అపాయింట్‌మెంట్లు దొరకవు.

పేరు దగ్గర ఇంకో చిక్కు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పేపరు మీద ఇంకోలా. మూడూ ఒకలా లేకపోతే ప్రతి కిటికీ దగ్గరా సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ విషయంలో ఫ్రెంచివాళ్లు మనకు దగ్గరివాళ్లే. వాళ్ల దరఖాస్తుల్లో ఇంటిపేరు ముందు, అదీ పెద్దక్షరాల్లో, సొంత పేరు తర్వాత. అమెరికా వెళ్లి పేరు తిరగేసుకున్న మనవాళ్లు చాలామంది. లియాన్‌లో మెడలో వేసుకున్న బిళ్ల మీద నా పేరు మా ఊరి రేషన్ కార్డులో ఉన్న వరసలోనే ఉంది.

డబ్బు సంగతి. సైన్సు విద్యార్థులకు సీఎస్‌ఐఆర్, ఏఎన్‌ఆర్‌ఎఫ్ లాంటి సంస్థలు, చరిత్ర, సామాజిక శాస్త్రాల వాళ్లకు ఐసీహెచ్‌ఆర్, ఐసీఎస్‌ఎస్‌ఆర్ ప్రయాణ సాయం ఇచ్చే పథకాలు నడుపుతుంటాయి. ప్రతిదానికీ గడువు ఉంటుంది, అది సదస్సు తేదీకి చాలా ముందే ముగుస్తుంది. చాలామందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. నిర్వాహకులకే ఉత్తరం రాసి రిజిస్ట్రేషన్ రుసుము తగ్గించమని అడగొచ్చు. అడిగితే చిన్నతనం అనుకుంటాం. వాళ్ల బడ్జెట్‌లో దానికోసం కొంత పక్కన పెట్టడం మామూలే, అడగనివాళ్లకు ఎవరూ తెచ్చి ఇవ్వరు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. మీ ప్రతిభను ఆకాశానికెత్తుతూ, మీ రంగం ఏమిటో కూడా చూడకుండా వచ్చే ఆహ్వానాలు నమ్మొద్దు. రుసుము కట్టించుకుని, హోటల్ గదిలో పదిమందిని కూర్చోబెట్టి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే సదస్సులు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. కార్యక్రమ సంఘంలో ఎవరున్నారు, వాళ్ల విశ్వవిద్యాలయం పేజీలో ఈ సదస్సు ప్రస్తావన ఉందా, గత సదస్సు పేపర్లు ఎక్కడ అచ్చయ్యాయి, ఈ మూడూ చూసుకుంటే మోసం పట్టుబడుతుంది.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గం మీది ఊళ్లు. బెంగళూరు నుంచి పారిస్‌కు నేరుగా విమానం ఉంది. పారిస్ విమానాశ్రయంలోనే టీజీవీ రైలెక్కితే రెండు గంటల్లో లియాన్ పార్ దియూ స్టేషన్‌లో దిగొచ్చు. ధర్మవరం నుంచి బెంగళూరుకు అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది.

కొండ మీద ఎత్తు ఇళ్లు

రోన్, సోన్ నదులు కలిసేచోట ఉంది లియాన్. ఊళ్లో రెండు కొండలు. ఫుర్వియేర్ కొండ మీద చర్చి, క్రువా రూస్ కొండ మీద నేతగాళ్ల పేట. ఒకటి ప్రార్థించే కొండ, ఇంకోటి పనిచేసే కొండ అని అక్కడివాళ్లే అంటారు. సదస్సు మొదలయ్యే ముందు రోజే నేను రెండో కొండ ఎక్కాను. పళ్ల చక్రాల పట్టాల మీద మెట్రో రైలే పైకి తీసుకెళ్తుంది.

అక్కడి ఇళ్లను బయటినుంచి చూస్తే కిటికీలు అసాధారణంగా పొడుగ్గా కనిపిస్తాయి. లోపల పైకప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు. కారణం జాకార్డు. మగ్గం మీద ఆ పెట్టె ఎక్కాక పాత ఇళ్లలో పట్టలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మగ్గం కొలతకు ఇళ్లు కట్టారు, నేతగాడి కుటుంబం అదే గదిలో అటక వేసుకుని పడుకుంది. ధర్మవరంలో ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు మనం కప్పు ఎత్తలేదు, కింద గుంత ఉండనే ఉంది. గుంత మగ్గంలో కాళ్లు భూమిలోకి దిగుతాయి, నెత్తిమీద జాకార్డుకు చోటు మిగులుతుంది. ఒకే యంత్రానికి ఒక ఊరు ఇంటిని పెంచింది, ఇంకో ఊరికి మగ్గం గుంతే సరిపోయింది. దీని మీద వాస్తుశిల్పం చదివేవాళ్లు ఎవరైనా పేపరు రాయాలి. నాకు తీరిక లేదు.

ఆ ఇళ్ల మధ్య ట్రబూల్ అనే సందులున్నాయి. ఒక వీధిలోంచి ఇంకో వీధిలోకి ఇళ్ల కిందుగా సాగే కప్పు ఉన్న దారులు. పట్టు తానులు వానకు తడవకుండా అటునుంచి ఇటు మోసుకెళ్లడానికి పనికొచ్చేవి. 1831 నవంబరులో ఈ కొండ మీది నేతగాళ్లు, కనూలు అంటారు వాళ్లను, కిందికి దిగి నగరాన్నే చేతుల్లోకి తీసుకున్నారు. గజానికి ఇంత కూలి అని ఒప్పందం కుదిరాక కొందరు వ్యాపారులు మాట తప్పడం దానికి కారణం. రాజు సైన్యాన్ని పంపాడు. ఒప్పందం రద్దయింది. 1834లో మళ్లీ తిరగబడ్డారు, మళ్లీ అణచివేశారు.

ఈ కథ వింటూ ధర్మవరం గుర్తురాకుండా ఎలా ఉంటుంది? ముడిపట్టు ధర పెరిగితే భారం ఎవరి మీద పడుతుందో, చీర ధర పెరిగితే లాభం ఎవరికి చేరుతుందో మన వీధుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించి 1985లో చట్టం చేశారు. మరమగ్గం మీద నేసిన నకలు చీర అదే దుకాణంలో చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది. అప్పులు మోయలేక ధర్మవరంలో ఎన్ని మగ్గాలు ఆగిపోయాయో, ఎన్ని ఇళ్లలో మనిషే లేకుండా పోయాడో మనం చూశాం. లియాన్‌లో ఆ పోరాటం మ్యూజియంలోకి చేరింది, గోడల మీద పెద్ద బొమ్మగా మారింది. మన దగ్గర అది ఇంకా నడుస్తున్న విషయం. సదస్సులో ధర్మవరం చీరల గురించి మాట్లాడేవాళ్లు రంగులూ జరీ దగ్గరే ఆగిపోతే సగం మాటే చెప్పినట్టు.

గదిలో ఏం జరుగుతుంది

మొదటిసారి వెళ్లేవాళ్లకు అసలు కొత్త ప్రదేశం ఆ నగరం కాదు, ఆ గది. పదిహేను నిమిషాలు మాట, ఐదు నిమిషాలు ప్రశ్నలు. అధ్యక్షత వహించేవారు చీటీ ఎత్తి చూపిస్తారు, ఆ తర్వాత ఆపేస్తారు. మన సభల్లో లాగా పెద్దలకు వందనాలు, సంస్థకు కృతజ్ఞతలు చెబుతూ కూర్చుంటే విషయం మొదలయ్యేలోపు సమయం అయిపోతుంది. ఒకేసారి నాలుగు గదుల్లో నాలుగు ఉపన్యాసాలు నడుస్తాయి. పేరున్నవాళ్ల గది నిండుతుంది, మన గదిలో పదిమంది ఉంటారు. ఆ పదిమందీ మన విషయం కోసమే వచ్చినవాళ్లు. వందమంది మర్యాదకు కూర్చున్న సభ కంటే అది మేలు.

భాష గురించి ఒక మాట. ఫ్రెంచి రానక్కర్లేదు, పలకరింపు రావాలి. దుకాణంలోకి అడుగుపెట్టగానే బోన్‌జూర్ అనకుండా నేరుగా బ్రెడ్ అడిగితే అమ్మే ఆవిడ ముఖం మాడ్చుకుంటుంది. అది అన్నాక వచ్చీరాని ఇంగ్లిష్‌లో అయినా సాయం చేస్తుంది. సదస్సులో చాలామందికి ఇంగ్లిష్ రెండో భాషే. అందుకే మన యాసకు ఎవరూ నవ్వరు, వాళ్ల యాస మనకు అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనొచ్చు. బెంగళూరులో ఫ్రెంచి చదువుకుంటున్న ఒక స్నేహితురాలితో నా పేపరు సారాంశం అరపేజీ ఫ్రెంచిలో రాయించుకుని వెళ్లాను. ఇంగ్లిష్ ఉపన్యాసాలకు రాని స్థానికులు కొందరు ఆ కాగితం చూసి వచ్చి కూర్చున్నారు.

దానికంటే ఎక్కువ పనిచేసింది నేను సంచిలో వేసుకెళ్లిన అట్టల కట్ట. మా ఇంట్లో వాడి పక్కన పెట్టేసిన అంచు డిజైను అట్టలు, వాటితో నేసిన జానెడు అంచు ముక్క. కాఫీ విరామంలో బల్ల మీద పెట్టగానే ఒక ముసలాయన వచ్చాడు. ఒకప్పుడు నేతపని చేసినవాడట. అట్టను వెలుతురుకెత్తి చూసి, చిల్లుల మీద వేలు నడిపి, తలకిందులుగా పట్టుకున్నానేమో అన్నట్టు తిప్పి, మళ్లీ చదివాడు. తర్వాత అంచు ముక్కలో ఒక మొగ్గ దగ్గర వేలు పెట్టి ఇదేనా అన్నట్టు నా వైపు చూశాడు. అదే. ఆయనకు తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు. ఆ అట్ట మా ఇద్దరికీ వచ్చు.

ఇంతకీ ఆ చిల్లుల విద్య జాకార్డ్ ఒక్కడిదే కాదు. 1725లో లియాన్‌లోనే బసీల్ బూషోన్ చిల్లుల కాగితంతో ప్రయత్నించాడు, ఆ తర్వాత ఫాల్కన్, వొకాన్సోన్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. 1804 నాటికి జాకార్డ్ ఒక కొలిక్కి తెచ్చాడు. అంతకుముందు నేతగాడి పక్కన ఇంకొకరు కూర్చుని తాళ్లు లాగాల్సి వచ్చేది. మరుసటి ఏడు నెపోలియన్ లియాన్ వచ్చాడు, యంత్రం ప్రజల సొత్తయింది, జాకార్డ్‌కు పింఛను దక్కింది. పొట్ట కొట్టాడని అక్కడి నేతగాళ్లు ఆయన యంత్రాలను తగలబెట్టారని కూడా చెబుతారు. ఆయన చనిపోయాక 1839లో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయి. ఆ బొమ్మ ఒకటి తెప్పించుకున్నవాళ్లలో చార్లెస్ బాబేజ్ ఉన్నాడు. తను కలగన్న లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలే వాడాలనుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హోలరిత్ అనే ఇంజనీరు చిల్లుల కార్డులు వాడాడు, వాటి మీదుగానే కంప్యూటర్లు వచ్చాయి. మగ్గం వదిలి బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన ధర్మవరం కుర్రాడు వంశవృత్తి వదిలేశాడని ఏడ్చే పెద్దలు ఈ సంగతి తెలుసుకుంటే కాస్త ఊరట.

హిందూపురం గూళ్లు, పాశ్చర్ సూక్ష్మదర్శిని

పట్టుగూళ్ల సంగతి హిందూపురానిది. గూళ్ల మార్కెట్‌తో ఆ ఊరికి రాష్ట్రమంతా పేరు. పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. అక్కడ పురుగుల రకాల మీద, మల్బరీ మీద పనిచేసే యువ శాస్త్రవేత్తలకు ఫ్రాన్స్ గురించి నేను చెప్పాల్సింది లేదు, వాళ్లకే బాగా తెలుసు. పట్టుపురుగు గుడ్ల కేంద్రాల్లో తల్లి పట్టుచిలక గుడ్లు పెట్టాక దాన్ని నూరి, సూక్ష్మదర్శిని కింద చూసి, పెబ్రిన్ అనే రోగపు బీజాలు కనిపిస్తే ఆ గుడ్లన్నీ తీసి పారేస్తారు. ఈ పద్ధతి లూయీ పాశ్చర్‌ది. ఆ రోగం వల్ల ఫ్రాన్స్‌లో 1853లో 26,000 టన్నులున్న గూళ్ల పంట 1865కల్లా 4,000 టన్నులకు పడిపోయింది. అప్పుడు ఆయన్ను దక్షిణాన ఉన్న ఆలేస్‌కు పంపారు. పట్టుపురుగు గురించి అంతకుముందు ఆయనకు ఏమీ తెలియదు. ఐదేళ్లు అక్కడే తిరిగి, 1870లో పుస్తకం వేశాడు. రైతు చేతిలో ఒక సూక్ష్మదర్శిని పెడితే చాలునన్నది ఆయన పరిష్కారం.

ఫ్రాన్స్‌లో గూళ్ల సాగు ఆ తర్వాత కోలుకోలేదు, పద్ధతి మాత్రం మనదాకా వచ్చింది. అంతర్జాతీయ పట్టు కమిషన్ దశాబ్దాలపాటు లియాన్‌లోనే నడిచింది. ఇప్పుడు దాని కార్యాలయం బెంగళూరులో ఉంది, హిందూపురానికి వంద కిలోమీటర్లు. సదస్సులో ఒక ఫ్రెంచి ప్రొఫెసరే ఈ మాట ఎత్తి, మీరు ఇంతదూరం ఎందుకొచ్చారు, మేమే అటు రావాల్సింది అన్నాడు. నవ్వుతూ అన్నా అందులో నిజం ఉంది.

పెనుకొండ పాఠం

భాష రాదన్న భయానికి మందు పెనుకొండలో ఉంది. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు ఆ కొండ కింద పెరిగిన పిల్లవాడు. అక్కడి సబ్ కలెక్టర్ భార్య పిట్ దొరసాని దగ్గర ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. పద్నాలుగు భాషల పండితుడని పేరు తెచ్చుకున్నారు. చిన్నప్పుడే రాసిన పెనుగొండలక్ష్మి కావ్యం, తాను విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తనకే పాఠ్యపుస్తకంగా ఎదురైందని చెప్పుకుంటారు. ఆయన ఎదుట విమానాలు లేవు, వీసాలు లేవు, ఉన్నది పరాయి భాష మాట్లాడే మనిషి ఒకరు. వెళ్లి తలుపు తట్టారు. ఇప్పుడు అదే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కొరియావాళ్ల కియా కార్లు తయారవుతున్నాయి. రోడ్డు పక్కన హోటళ్ల మీది కొరియా అక్షరాల బోర్డులు చదవలేకపోయినా ఆ హోటళ్లకు కూరగాయలు వేసే రైతు మాట్లాడటం ఆపలేదు.

మన గురించి, మనం

1878లో లియాన్‌లోనే తూర్పు దేశాల విద్యల మీద ఒక సదస్సు జరిగింది. ఆ ఊరి పారిశ్రామికవేత్త ఎమీల్ గీమే దాని వెనక ఉన్నాడు. మరుసటేడు ఆయన అక్కడే మ్యూజియం తెరిచాడు, తర్వాత అది పారిస్‌కు వెళ్లింది. ఆ కాలంలో తూర్పు గురించి మాట్లాడేవాళ్లు దాదాపుగా పడమటివాళ్లే. ఇప్పుడు పారిస్‌లోని ఇనాల్కో విద్యాసంస్థలో తెలుగు నేర్పుతారు. పాత వస్త్రాల అధ్యయనానికి 1954లో లియాన్‌లో పుట్టిన సియెటా సంస్థ ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులను పిలుస్తుంది. కుర్చీ ఉంది, వెళ్లి కూర్చోవాలి.

కూర్చున్నాక ఏం చెప్పాలన్నదే నా పట్టుదల. లియాన్‌లో పద్దెనిమిదో శతాబ్దపు పట్టుగుడ్డ ముందు నిలబడితే కింద ఫిలిప్ ద లసాల్ లాంటి డిజైనర్ పేరు చదువుకోవచ్చు. మన చీరల మీద ఊరి పేరు ఉంటుంది, ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మనిషి పేరు ఉండదు. గ్రాఫు కాగితం మీద అంచు గీసినవారెవరు, అట్టలు కొట్టినవారెవరు, నేసినవారెవరు? నా పేపరు మొదటి స్లైడు మీద, వాళ్ల అనుమతితో, ఆ ముగ్గురి పేర్లు వేశాను. ప్రశ్నల్లో సగం ఆ ముగ్గురి గురించే వచ్చాయి. లేపాక్షి చిత్రాల మీద చక్కటి పుస్తకాలు విదేశీ పండితులు రాశారు, వాళ్లకు దండం. ఆ చిత్రాల్లోని అంచును ఈనాటికీ నేయగల చేతులు ఈ చుట్టుపక్కలే ఉన్నాయన్నది మనం చెప్పాల్సిన మాట.

అందుకే ఈ మూడు ఊళ్ల కాలేజీలకు, కిరికెర సంస్థకు, ధర్మవరం సహకార సంఘాలకు ఒక విన్నపం. సదస్సు పిలుపు వచ్చిన పిల్లలకు వీసా కాగితాలు, సాయం దరఖాస్తులు చూసిపెట్టే మనిషిని ఒకరిని ప్రతి కాలేజీలో నియమించండి. పేపరు రాసేవాళ్లు నేతగాడిని సహరచయితగా చేర్చండి. ఈసారి పిలుపు వచ్చినప్పుడు రెండు టికెట్లకు డబ్బు అడగండి, ఒకటి చదివేవారికి, ఇంకోటి నేసేవారికి.